పొర కింద గీత

మా ఆయన దుప్పటి పరుస్తుంటే చూడాలి. లోకంలో అందరూ నాలుగు కొసలూ లాగి, ఒకసారి దులిపి, అయిందనిపిస్తారు. ఆయన నడిమధ్యన అరచెయ్యి ఆనించి, అక్కణ్ణుంచి అంచుల వైపు తోసుకుంటూ పోతాడు, దుప్పటి కింద గాలి ఎక్కడైనా ఇరుక్కుపోయిందేమోనని. పాప పుస్తకాలకు అట్టలు వేసినా అదే వరస. పక్కింటివాళ్ళు ఫోను అద్దం మీదికి గార్డు కొనుక్కొచ్చి అతికించమంటే, స్నానాలగదిలో వేడినీళ్ళు తిప్పి, ఆవిరికి దుమ్మంతా కిందికి దిగేదాకా ఆగి, తలుపు గడియ పెట్టుకుని అతికిస్తాడు. ఐదు నిమిషాల పనికి ముప్పావుగంట పడుతుంది. అంతసేపూ ఇంట్లో ఎవరికీ స్నానం ఉండదు. "అద్దం కింద నలుసు పడితే రోజూ కనబడుతుంది" అంటాడు. మేం స్నానం లేకుండా తిరిగితే కనబడదు కాబోలు.

ఆయన కార్లకు పొర వేస్తాడు. రంగు మీద గీతలు పడకుండా గాజులాంటి పారదర్శకమైన పొర ఒకటి అతికిస్తారు, పీపీఎఫ్ అంటారు దాన్ని. రోడ్డు మీద రాయి ఎగిరొచ్చి తగిలినా, ఎవరైనా తాళంచెవితో గీరినా దెబ్బంతా పొర తింటుంది, రంగుకి తగలదు. చిన్న గీతలైతే వేడినీళ్ళు పోస్తే వాటంతట అవే పూడిపోతాయి. మనుషులకీ ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని ప్రతి రెండో కస్టమరూ అంటాడు, తనకే తట్టినట్టు. మా ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతాడు. అంత ఓపిక నాకు లేదు.

మా షెడ్డు ఊరి బయటికి పోయే పెద్ద రోడ్డు మీద, టైర్ల కొట్టుకీ ఫర్నిచర్ గోడౌనుకీ మధ్య ఉంటుంది. రెండు కార్లు పడతాయి. ఆ రోడ్డు మీద పొర వేసే షాపులే మాతో కలిపి ఐదు. లోపల ఫ్యాను ఉండదు, ఎండాకాలమైనా సరే. కారు వచ్చేముందు నేల తడపాలి. ఉంగరాలూ వాచీలూ తీసి డబ్బాలో వెయ్యాలి. నూలు బట్టలు పనికిరావు, పీచు రాలుతుంది. నేను తలకి గుడ్డ బిగించి కట్టుకోనిదే గడప దాటనివ్వడు. పెళ్ళాం జుట్టుకి ఇంతగా భయపడే మగాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ముందు కారు కడిగి, వేలు పెడితే జారిపోయేంత నున్నగా తుడిచి, షాంపూ కలిపిన నీళ్ళు చల్లాలి. పొర వెనక కాగితం ఒలిచి, జిగురు వైపు కూడా తడిపి, ఇద్దరు చెరో కొస పట్టుకుని బానెట్టు మీదికి వాల్చాలి. ఆ వాల్చేటప్పుడు మాట్లాడకూడదు, తుమ్మకూడదు. తర్వాత రబ్బరు పలకతో మధ్యనుంచి అంచులకి నీళ్ళు నెట్టెయ్యాలి. ఆఖరున అంచుల వెంట మిగిలిన పొరని కోసెయ్యాలి. అసలు సంగతంతా ఈ ఆఖరి పనిలోనే ఉంది.

ఇప్పుడైతే ఏ కారుకి ఏ కొలతో కంప్యూటరులో ఉంటుంది, మిషను ముందే కోసి ఇస్తుంది. మొదట్లో ఆ వైభోగం లేదు. పొరని కారు మీద పరిచి కారు మీదే బ్లేడుతో కోసేవాళ్ళు. పొర తెగాలి, కింద రంగు తెగకూడదు. ఆ తేడా చేతికి తెలియాల్సిందే తప్ప కంటికి కనిపించేది కాదు. చెయ్యి వెంట్రుకవాసి బరువెక్కితే రంగు మీద సన్నటి గీత పడుతుంది. పడినట్టు ఆ రోజు ఎవరికీ తెలియదు, పైన పొర ఉంటుంది కదా. ఏ మూడేళ్ళకో, ఎనిమిదేళ్ళకో ఆ పొర ఒలిచినప్పుడు బయటపడుతుంది.

షాపు పెట్టింది ఇద్దరు, మా ఆయనా మా తమ్ముడూ. మా ఆయన అంతకుముందు స్టిక్కర్ల పని చేసేవాడు. షాపు బోర్డులకీ వ్యాన్లకీ అక్షరాలు కత్తిరించి అతికించేవాడు. తమ్ముడికి చదువు ఒంటబట్టలేదు, ఏ పనిలో పెట్టినా నెల తిరక్కుండా ఇంటికొచ్చేసేవాడు. అలాంటివాడు ఈ పొర పనిలో కుదురుకున్నాడు. ఆర్నెల్లలో చెయ్యి తిరిగింది. మా ఆయన ఒకరిని మెచ్చుకోవడమంటే మాటలు కాదు, నా చేతి వంటకి పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో "బానే ఉంది" మించి సర్టిఫికెట్ రాలేదు. ఆయన కూడా వాణ్ణి ఆకాశానికెత్తేవాడు. "వాడి చేతిలో బ్లేడు ఉందో లేదో బ్లేడుకే తెలియదు" అనేవాడు.

నేనప్పుడు బట్టలు కుట్టే కంపెనీలో కాలర్లు కుట్టేదాన్ని. మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి వెళ్తే ఇద్దరూ కారుకి చెరోవైపు నిలబడి కీచులాడుకుంటూ కనిపించేవాళ్ళు.

"బావా, నీ పక్క నీళ్ళు మిగిలాయి."

"నీ బుర్రలో మిగిలాయిరా. ముందు అవి తుడుచుకో."

ఒక్క డబ్బాలో ఇద్దరూ తినేవాళ్ళు. నేను రెండు డబ్బాలు పంపినా సరే, ముందు ఒకటి ఖాళీ చేసి, తర్వాత రెండోది తెరిచేవాళ్ళు.

ఏడేళ్ళు అలా గడిచాక ఒక దంతాల డాక్టరు వచ్చాడు. మూడేళ్ళ క్రితం మా షాపులో పొర వేయించుకున్న మనిషే. కారు అమ్మేద్దామని వేరేచోట పొర ఒలిపిస్తే, బానెట్టు అంచున హెడ్‌లైటు పక్కనే జానెడు గీత బయటపడింది. రంగు తెగి, తెగినచోట లోపలికి తుప్పు దిగడం మొదలైంది. ఆయన నలుగురి ముందూ షెడ్డులో నిలబడి, పళ్ళు పీకే మనిషి కదా, నొప్పి తెలిసేలాగే మాట్లాడాడు.

మా ఆయన వంగి గీత చూశాడు. తమ్ముణ్ణి పిలిచాడు.

"ఇది నువ్వు కోసిందే కదూ?"

"నేను కాదు బావా."

"నువ్వు కాకపోతే నేనా?"

తమ్ముడు మళ్ళీ నేను కాదన్నాడు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే మాట అన్నాడు. ఆ కారు ఇద్దరూ కలిసి చేశారు. ఎవరు ఏ పక్క కోశారో మూడేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుంది? మా ఆయన మాత్రం, "ఇక నువ్వు బ్లేడు ముట్టుకోవద్దు, కడగడం తుడవడం చూసుకో" అన్నాడు. తమ్ముడు చేతిలో గుడ్డ బకెట్లో వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. డాక్టరు ఊరంతా చెప్తాడని, షాపు పేరు పోతుందని, మా ఆయన ఆ సాయంత్రమే మిగిలిన నాలుగు షాపులకీ, పొర చుట్టలు సరఫరా చేసే ఏజెన్సీ ఆయనకీ తనే ఫోన్ చేశాడు. "తప్పు మా బామ్మర్ది చేశాడు, పన్లోంచి తీసేశాను" అని చెప్పాడు. ఐదు ఫోన్లతో తమ్ముడికి ఆ రోడ్డు మీద దారులన్నీ మూసుకుపోయాయి. ఏ షాపుకి వెళ్ళినా, "కొన్నాళ్ళు కార్లు కడుగు, తర్వాత చూద్దాం" అన్నారు. కడగడమే అయితే ఎక్కడైనా ఒకటేనని వాడు బస్సుల డిపోలో చేరాడు. పైపు పట్టుకుని బస్సులకి నీళ్ళు కొట్టే పని. బ్లేడుతో పనిలేదు.

నేను కాలర్లు మానేసి పొర రెండో కొస పట్టుకున్నాను. ఐదేళ్ళయింది. ఆ ఐదేళ్ళూ బావా బావమరుదులు ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. మా అమ్మ ఇంటికి ఒకరు వచ్చే వారం రెండోవారు రారు. అమ్మ వాడు కనిపించినప్పుడల్లా అదే పాట. "బంగారంలాంటి పని చేజేతులా పోగొట్టుకున్నావు, కాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేసుంటే ఏం పోయేది" అంటుంది. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు.

నేను ఎవరి పక్షమూ పట్టలేదు. అది వాళ్ళిద్దరి మధ్య పని గొడవ, బ్లేడు సంగతులు నాకేం తెలుసు అని అందరితో చెప్పుకున్నాను. ఒకరు కట్టుకున్నవాడు, ఒకడు తోడబుట్టినవాడు, నేనేం చెయ్యను అంటే ఎవరైనా జాలిపడతారు. నేనూ నా మీద కొంచెం జాలిపడ్డాను.

మొన్న ఒక ఉదయం రిటైరైన లెక్కల టీచరుగారి కారు వచ్చింది. ముదురు నీలం రంగు చిన్న కారు. ఆవిడ దాన్ని ఎంత పద్ధతిగా వాడుతుందంటే, ఎనిమిదేళ్ళయినా సీట్ల మీద వెంట్రుక ఉండదు. మా ఆయన దృష్టిలో ఆవిడ దేవతతో సమానం. పొర పాతబడి పసుపెక్కింది, తీసేసి కొత్తది వెయ్యమని ఇచ్చి వెళ్ళింది. కొత్త ముక్కలన్నీ మిషను మీద కోయించి బల్ల మీద వరసగా పెట్టుకుని, పాతది ఒలవడం మొదలుపెట్టాం.

ఒలవడం కూడా ఓపిక పనే. వేడిగాలి పట్టి, పొరని దాదాపు కారుకి ఆనించినట్టే ఉంచి మెల్లగా లాగాలి. కంగారుపడితే జిగురు రంగు మీదే ఉండిపోతుంది. నేను గాలి పడుతున్నాను, ఆయన లాగుతున్నాడు. బానెట్టు దాటి హెడ్‌లైటు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది.

టార్చి తెమ్మన్నాడు. తెచ్చాను. పక్కనుంచి వెలుతురు వేసి చూశాడు, గోటితో మెల్లగా గీటి చూశాడు. అంచు వెంట జానెడు గీత. మూల తిరిగేచోట ఆ గీత ఆగాల్సినచోట ఆగకుండా, మూల దాటి బియ్యపుగింజంత ముందుకు పోయింది.

"డాక్టరు పంపిన ఫోటో నీ ఫోన్లో ఉందా?" అన్నాడు.

ఉంది. గొడవైన రోజున ఆయనే నాకు పంపించాడు. ఫోన్లో ఏదీ తీసెయ్యను, అదో జబ్బు నాకు. వెతికి ఇచ్చాను. ఆయన ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, కారు పక్కన పెట్టి చూశాడు. అందులోనూ అదే మూల, అదే చోట గీత మూల దాటి ముందుకు పోయిన చిన్న తోక.

వెనక్కి వచ్చి బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

"ఇది స్టిక్కర్ల కోత" అన్నాడు. "అక్షరం మూల దగ్గర బ్లేడు కొంచెం దాటించి కొయ్యాలి. అప్పుడే ముక్క చిరక్కుండా శుభ్రంగా ఊడొస్తుంది. కింద ఉండేది కాగితమే కాబట్టి దాటినా ఫర్వాలేదు. పదేళ్ళు అలాగే కోశాను."

"తమ్ముడూ అలా కోసేవాడేమో."

"వాడు జన్మలో స్టిక్కరు కొయ్యలేదు. వాడు నేర్చుకున్నదే పొర మీద." కారు వైపు చెయ్యి చూపించి, "ఈ కారు నేనొక్కణ్ణే చేశాను. వాడికప్పుడు కామెర్లు. నెల్లాళ్ళు మంచం దిగలేదు. రెండో కొస పట్టేవాళ్ళు లేక టీచరుగారే పట్టుకుంది" అన్నాడు.

నాకు గుర్తే. ఆ నెలంతా నేను కంపెనీ నుంచి నేరుగా అమ్మ ఇంటికి వెళ్ళి వాడికి గంజి తాగించి వచ్చేదాన్ని.

ముందు నాకు కోపం ముంచుకొచ్చింది. ఐదేళ్ళండీ, అన్నాను. వాడి నోటికాడ కూడు తీసేసి, ఊరంతా చాటింపు వేసి, ఇప్పుడు కామెర్లు గుర్తొచ్చాయా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఒక్కమాట తిరిగి అనలేదు. అనకపోయేసరికి నాకు భయం వేసింది. ఆయన మొహం చూస్తే, ఎవరో లోపల దీపం ఆర్పేసినట్టుంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు, కానీ రాయాలి. "కొత్త పొర వేసేయండి" అన్నాను. "తుప్పు కూడా పట్టలేదు. పొర కింద గీత కనబడదు. టీచరుగారికి తెలియదు. తమ్ముడితో మీరెలాగూ మాట్లాడరు. ఇంకో ఎనిమిదేళ్ళదాకా ఈ ఊసే ఉండదు."

ఆయన లేచి, బల్ల మీద కోసి పెట్టిన ముక్కల్ని ఒక్కొక్కటే చుట్టి గొట్టంలోకి దూర్చేశాడు. గొట్టానికి మూత పెట్టాడు. టీచరుగారికి ఫోన్ చేసి, వీలుంటే ఒకసారి రమ్మన్నాడు.

ఆవిడ పన్నెండింటికి ఆటోలో వచ్చింది. గీత చూపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, కాసేపు చూసింది.

"ఇదా? నువ్వు చెప్పకపోతే నాకు కనబడేది కాదు."

"కనబడదమ్మా. కానీ ఉంది. ముందు రంగు వేయించి, అది బాగా ఆరాక పొర వేస్తాను. పదిహేను రోజులు పడుతుంది. ఆ పని నాది."

"సరే. నాకు తొందరేం లేదు." ఆవిడ బకెట్ల వైపు, తడి నేల వైపు, నా తలగుడ్డ వైపు చూసింది. "ఆ రోజు నేనే కదూ ఓ కొస పట్టుకుంది. ఊపిరి బిగబట్టమని నన్ను కసురుకున్నావు కూడా. మీ బావమరిదికి ఒంట్లో బాగా లేదన్నావు. ఇప్పుడెక్కడున్నాడా అబ్బాయి?"

ఆవిడకి పాత సంగతులేం తెలియవు, మామూలుగా అడిగింది. మా ఆయన వంగి బకెట్లు సర్దసాగాడు. చివరికి నేనే, "బస్సుల డిపోలో చేస్తున్నాడమ్మా" అన్నాను.

ఆవిడ వెళ్ళగానే మా ఆయన చొక్కా అయినా మార్చుకోకుండా స్కూటరు తీశాడు. ఎక్కడికని అడగలేదు. వెనక ఎక్కి కూర్చున్నాను.

డిపోలో తమ్ముడు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, పొడుగాటి బ్రష్షుతో బస్సు అద్దాలు రుద్దుతున్నాడు. మమ్మల్నిద్దర్నీ కలిపి చూసేసరికి వాడి మొహం పాలిపోయింది. "అమ్మకేమైనా అయిందా అక్కా?" అన్నాడు. అమ్మ బాగానే ఉందన్నాను. మా ఆయన రెండడుగుల దూరంలోనే ఆగిపోయి, "డ్యూటీ ఎప్పుడు దిగుతావు?" అన్నాడు. ఐదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"రెండింటికి."

"ఒక కారు చూడాలి. వస్తావా?"

వాడు బ్రష్షు పట్టుకునే నిలబడ్డాడు. రానంటాడనే అనుకున్నాను. "బూట్లు కడుక్కుని వస్తాను" అన్నాడు.

షెడ్డులోకి అడుగుపెట్టేముందు వాడు వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. అలవాటు అలా పట్టేసుకుని ఉంది. కారు చూశాడు, టార్చి తనే తీసుకున్నాడు. పక్కనుంచి వెలుతురు వేసి, గోటితో గీటి, మూల దగ్గర ఆగాడు. మూల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

"ఇది నేను చేసిన కారు కాదు బావా."

"కాదు. నేను చేసిందే. నువ్వప్పుడు కామెర్లతో ఉన్నావు. డాక్టరు కారుదీ నేను కోసిందేరా."

"నాకు తెలుసు" అన్నాడు తమ్ముడు. టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజే తెలుసు. తోక చూడగానే తెలిసింది. నువ్వు అలా దాటిస్తావని అంతకుముందు నీతో రెండుసార్లు చెప్పాను కూడా. నవ్వేశావు."

"మరి ఆ రోజు ఆ సంగతి చెప్పలేదేంరా?"

"నేను కాదని మూడుసార్లు చెప్పాను. షాపులో ఉన్నది ఇద్దరమే. నేను కాదంటే ఇంకెవరో నీకు తెలియదా?"

బయట టైర్ల కొట్టులో ఎవరో గాలి కొడుతున్నారు.

"తెలిసింది" అన్నాడు మా ఆయన. "అందుకే నిన్ను నమ్మకూడదనుకున్నాను."

ఆ మాట అనేటప్పుడు ఆయన తల దించుకోలేదు. పద్నాలుగేళ్ళలో ఆయన మీద నాకు ఎన్నో రకాల కోపాలు వచ్చాయి. ఆ క్షణాన మాత్రం ఆయన్ని చూస్తే గౌరవం కలిగింది. అంతకంటే ఎక్కువ దుఃఖం కలిగింది. తమ్ముడు అటు తిరిగి మొహం భుజానికి తుడుచుకున్నాడు.

"నన్ను మళ్ళీ రమ్మని పిలవకు బావా. ఇప్పుడే పిలవకు. నాకేం చెప్పనక్కర్లేదు, నాకు తెలిసిందే కదా. వాళ్ళకి చెప్పు."

వాళ్ళంటే ఎవరో వాడు చెప్పలేదు, మా ఆయన అడగలేదు. ఫోను తీసి, స్పీకరు పెట్టి, బానెట్టు మీద కాకుండా బల్ల మీద ఉంచాడు. అలాంటప్పుడూ బానెట్టు మీద పెట్టలేదు. మొదటి ఫోను ఏజెన్సీ ఆయనకి.

"ఐదేళ్ళ కిందట మా బామ్మర్ది గురించి మీకో మాట చెప్పాను. అది తప్పు. డాక్టరు కారు మీద గీత పెట్టింది నేను, వాడు కాదు."

"ఒంట్లో బాగానే ఉందా నీకు?" అన్నాడు ఏజెన్సీ ఆయన.

"బాగానే ఉందండీ. ఇది చెబుదామనే చేశాను."

రెండో ఫోను ఎత్తిన షాపాయన నవ్వాడు, మూడో ఆయన మంచిపని చేశావన్నాడు. నాలుగో ఆయన, "మీ బామ్మర్దా? ఏదో అయిందని విన్నాను కానీ, ఏమిటో గుర్తులేదు" అన్నాడు. అది వినగానే తమ్ముడు ఒక్కసారి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాడి ఐదేళ్ళు తినేసిన మాట ఆ మనిషికి గుర్తు కూడా లేదు. మా ఆయన అదే మాట మళ్ళీ మొదట్నుంచి, ఒక్క ముక్క తగ్గించకుండా ఆయనకి చెప్పాడు. ఐదో ఫోను పెట్టేసేసరికి ఆయన చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది.

నేను కుర్చీ తెచ్చి తమ్ముడి దగ్గర వేశాను. మంచినీళ్ళు ఇచ్చాను. "ఇప్పటికైనా తేలింది కదరా" అన్నాను. "ఐదేళ్ళు మీ ఇద్దరి మధ్యా నలిగిపోయాను."

వాడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, నువ్వేమనుకున్నావు?"

"దేని గురించి?"

"గీత ఎవరు పెట్టారనుకున్నావు?"

నేను ఎవరి పక్షమూ పట్టలేదురా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఐదేళ్ళుగా అందరికీ అదే చెప్పి అలవాటైపోయిన మాట. ఎదురుగా మా ఆయన తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ముందు ఆ మాట నా నోటినుంచి రాలేదు.

"నువ్వేననుకున్నానురా" అన్నాను.

"తెలుసు" అన్నాడు వాడు. వాడి గొంతులో కోపం లేదు. "అమ్మకి చెప్పింది బావ కాదు కదా."

కాదు. మా ఆయన మా అమ్మతో ఈ విషయం ఏనాడూ ఎత్తలేదు. చెప్పింది నేను. వాడు వెళ్ళిపోయిన మర్నాడు ఫోన్ చేసి, "తమ్ముడు అజాగ్రత్తగా చేశాడమ్మా, ఆయన తప్పేం లేదు" అన్నాను. అలా అనుకుంటే నా ఇల్లు సాఫీగా నడుస్తుంది. అందుకే అన్నాను, అనేసి మర్చిపోయాను కూడా. అమ్మ మర్చిపోలేదు.

ఎవరూ నన్ను చెయ్యమనలేదు. నా ఫోను తీశాను. రెండో రింగుకే అమ్మ ఎత్తింది.

"ఏమ్మా, పని వేళ చేశావు?"

"అమ్మా, డాక్టరు కారు గీత తమ్ముడు పెట్టింది కాదు. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. నేను నీకు అబద్ధం చెప్పాను."

"వాడు వచ్చినప్పుడల్లా తిట్టాను కదే" అంది. తర్వాత, "మరి అలా ఎందుకు చెప్పావే నాకు? వాణ్ణి అడిగే చెప్పావనుకున్నాను" అంది.

తమ్ముడు నా వైపే చూస్తున్నాడు.

"అడగలేదమ్మా" అన్నాను. "ఒక్కసారి కూడా అడగలేదు."